గీస్ బెండ్ బొంతలు: కుట్టిన చేతుల దగ్గరికే వెళ్లి కొనండి

అలబామాలో చేతిబొంతలకు పేరుపడ్డ పల్లె గీస్ బెండ్. ఆ పేరు చెప్పి మా చేత ఒక బొంతకు 425 డాలర్లు పెట్టించబోయిన దుకాణం మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆ డబ్బు పోలేదు, మా అమ్మ పోనివ్వలేదు. అయినా ఒక పల్లెలోని పేద నల్లజాతి స్త్రీలు నాలుగైదు తరాలుగా చేతులతో కూడబెట్టుకున్న పేరును, ఆ పల్లెతో ఏ సంబంధమూ లేని ఒక వ్యాపారి తన సరుకుకు అతికించి అమ్ముకోవడం చూశాక మౌనంగా ఉండబుద్ధి కాలేదు. ఆ మరునాడే అసలైన పల్లెకు వెళ్లి, అసలైన బొంతలను చేత్తో తాకి, వాటిని కుట్టినవారితో కూర్చుని మాట్లాడినందువల్ల ఆ తేడా ఎంతటిదో కూడా తెలిసింది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలో ఉంటున్న మన తెలుగువారు సెలవు దొరికితే సముద్రతీరానికో ఓర్లాండోకో వెళుతుంటారు. అలబామా వైపు కారు తిప్పేవారు తక్కువ. ఒక్కసారి తిప్పమని నా మనవి.

మేము అట్లాంటా శివారులోని ఆల్ఫరెట్టా నుంచి కారులో బయలుదేరాము. మావారు, మా అమ్మాయి, పల్నాడు నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అమ్మ, నేను. మాంట్‌గామరీకి మూడు గంటల ప్రయాణం. అక్కడి గడియారం అట్లాంటా కంటే ఒక గంట వెనుక ఉంటుంది కనుక వెళ్లేటప్పుడు ఆ గంట కలిసివస్తుంది. మాంట్‌గామరీలో బస చేసిన హోటలు రాత్రికి 138 డాలర్లు, పన్ను అదనం. శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. దాని గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు.

మాంట్‌గామరీలో ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ అనే సంస్థ నడుపుతున్న, బానిసత్వపు చరిత్రను చూపే లెగసీ మ్యూజియాన్ని, 2018లో తెరిచిన స్మారక చిహ్నాన్ని, 2024 మార్చిలో అలబామా నది ఒడ్డున 17 ఎకరాలలో తెరిచిన ఫ్రీడమ్ మాన్యుమెంట్ శిల్పవనాన్ని మూడింటినీ మనిషికి 5 డాలర్ల టికెట్టుతో చూడవచ్చు. ఇంత తక్కువ ధరకు ఇంత విలువైన కళను నేను అమెరికాలో మరెక్కడా చూడలేదు. స్మారకంలో 800కు పైగా ఉక్కు పలకలు ఉన్నాయి. జాతి ద్వేషంతో మూకలు చంపిన 4,400 మందికి పైగా మనుషులను కౌంటీల వారీగా ఆ పలకల మీద స్మరించుకున్నారు. లోపలికి అడుగుపెట్టగానే ఘనా దేశపు శిల్పి క్వామే అకోటో-బాంఫో చేసిన శిల్పాలు ఎదురవుతాయి: గొలుసులతో కట్టివేయబడిన మనుషులు, వారి మధ్య చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి. మా అమ్మ ఆ తల్లి విగ్రహం ముందు చాలాసేపు నిలబడి, ఆ తరువాత సాయంత్రం వరకు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. శిల్పవనంలో సిమోన్ లీ చేసిన పదహారు అడుగుల కంచు విగ్రహం ‘బ్రిక్ హౌస్’ను చూశాక గాని ఆమె ముఖం తేరుకోలేదు, కళ్లు లేని ఆ నిండు స్త్రీమూర్తిని చూసి గ్రామదేవతకు పెట్టినట్టు చేతులు జోడించింది. శిల్పవనానికి పూర్తిగా ఒక పూట కేటాయించండి. మధ్యాహ్నం ఎండలో మాత్రం వెళ్లవద్దు.

అదే ఊరిలో మరి రెండింటిని వదలకూడదు. ఒకటి, మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి 2021లో నిలబెట్టిన ‘మదర్స్ ఆఫ్ గైనకాలజీ’. 1840లలో మత్తు ఇవ్వకుండా ఒక వైద్యుడు పదేపదే శస్త్రచికిత్సా ప్రయోగాలు చేసిన బానిస స్త్రీలలో అనార్కా, లూసీ, బెట్సీ అనే ముగ్గురి పేర్లు మిగిలాయి. ఆ ముగ్గురినీ ఆమె పాత ఇనుప సామాను వెల్డింగు చేసి నిలువెత్తుకు మించిన విగ్రహాలుగా మలిచింది. రెండవది, మాంట్‌గామరీ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలోని బిల్ ట్రేలర్ బొమ్మలు. ఇక్కడ ప్రవేశం ఉచితం. ట్రేలర్ 1853 ప్రాంతంలో బానిసగా పుట్టి, జీవితమంతా పొలం పనిలో గడిపి, ఎనభై దాటిన వయసులో మాంట్‌గామరీలోని మన్రో వీధిలో ఒక పెట్టె మీద కూర్చుని, పారవేసిన అట్టముక్కల మీద పెన్సిలుతోను పోస్టరు రంగులతోను బొమ్మలు వేశాడు. 1939 నుంచి 1942 వరకు సాగిన ఆ పని నుంచి వెయ్యికి పైగా బొమ్మలు మిగిలాయి. నీలిరంగు కోటు మనిషి, కుక్కతో తగువులాడే కుక్క, ఇంటికప్పు మీదికి ఎగబాకే మనుషులు. అట్ట చిరిగిన చోటును కూడా ఆయన బొమ్మలో కలుపుకున్నాడు. కాగితం మీది బొమ్మలు వెలుతురుకు పాడవుతాయి కనుక అన్నింటినీ ఎప్పుడూ బయట పెట్టరు. వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక ఆ దుకాణం సంగతి. మాంట్‌గామరీ దాటి పడమరగా వెళ్లే దారిలో, పాత సామాను, చేతిపని వస్తువులు అమ్మే ఒక పెద్ద దుకాణం ముందు బొంతలు వేలాడుతూ కనిపించాయి. లోపల ఒక మూల ‘గీస్ బెండ్’ అని అరచేయంత అక్షరాలతో బోర్డు పెట్టి, కింద ఐదారు బొంతలు మడత పెట్టి ఉంచారు. ఎరుపు, నీలం, ఆవపువ్వు రంగు ముక్కలతో చూడగానే ఆకట్టుకునే ఒక దాని మీద 425 డాలర్లని చీటీ ఉంది. ఎవరు కుట్టారని అడిగితే కౌంటరు దగ్గరి ఆయన ‘అక్కడి ఆడవాళ్లే’ అన్నాడు. పేరేమిటని అడిగితే ‘అందరూ కలిసి కుడతారు’ అన్నాడు. మావారు రేపు అక్కడికి వెళ్లాక ఇంతకంటే ఎక్కువ చెబుతారేమోనని, ఇక్కడే తీసుకుందామని కార్డు బయటకు తీస్తున్నారు.

అప్పటిదాకా కుర్చీలో కూర్చున్న మా అమ్మ లేచి వచ్చి, ఆ బొంతను తిరగేసింది. మా ఊరిలో పాత నేత చీరలు నాలుగు మడతలు వేసి, బతుకంతా బొంతలు కుట్టిన మనిషి ఆమె. కుట్టుపని చూడాలంటే వెనుక వైపు చూడాలని ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. వెనుక కుట్టు అంతా ఒకే కొలతలో, ఒకే వంకరలో, ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా సాగింది. ముడి ఒక్కటి లేదు. తరువాత ముందు వైపు తిప్పి, ఎర్ర ముక్కకు నీలం ముక్క కలిసే చోట బొటనవేలి గోరుతో గీసింది. గోరు ఎక్కడా అడ్డుపడలేదు. ‘ఇది అతుకు కాదే, అచ్చు. ఒకటే గుడ్డ మీద ముక్కల్లాగా అచ్చు వేశారు’ అన్నది. మేమూ గీసి చూశాము. నిజమే. ముక్కలు కలిపి కుట్టడమే లేదు. మిల్లులో రంగులు అద్దిన ఒక దుప్పటిని మిషను మీద కుట్టి, చేతిబొంత అని అమ్ముతున్నారు.

మా అమ్మాయి ఈ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి ఆయన స్వరం మారిపోయింది. బోర్డు కింద పెసరగింజంత అక్షరాలతో ఉన్న ‘స్టైల్’ అనే మాటను వేలితో చూపించి, తాము ఎవరినీ మోసం చేయడం లేదని, కొనేవాళ్లయితే కొనండి, లేకపోతే సరుకు నలపవద్దని కసిరాడు. ఒక్క క్షణం ముందు ‘అక్కడి ఆడవాళ్లే’ అని చెప్పిన నోటితోనే! బయటకు వచ్చాక మావారు చాలాసేపు మాట్లాడలేదు. మా అమ్మ మాత్రం కారు ఎక్కిన తరువాత కూడా ‘కుట్టనిదానికి కుట్టినవాళ్ల పేరు పెడతారా?’ అని పదే పదే అంటూనే ఉంది. నాకు బాధ కలిగించినది కూడా ఆ మాటే. గీస్ బెండ్‌లో బొంత కుట్టిన ప్రతి స్త్రీకీ ఒక పేరు ఉంది. లొరెటా పెట్‌వే, మేరీ లీ బెండాల్ఫ్, లూసీ మింగో అనే ముగ్గురికి 2015లో, జానపద కళాకారులకు అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చే జాతీయ వారసత్వ ఫెలోషిప్పు కూడా ఇచ్చారు. పేరు చెప్పలేని బొంతను గీస్ బెండ్ బొంత అని ఎవరు అమ్మినా కొనవద్దు.

ఆ రాత్రి సెల్మా దగ్గర ఆన్‌లైనులో చూసి తీసుకున్న అద్దె ఇల్లు ఇంకొక తలనొప్పి. రాత్రికి 112 డాలర్లని చూపించి, చివరిలో శుభ్రతకు 85 డాలర్లు కలిపారు. లోపలికి వెళితే స్నానాల గదిలో వేడినీళ్లు లేవు, వంటింటి గట్టు జిడ్డుగా ఉంది. గీస్ బెండ్‌కు ఎదురుగా నది ఇవతల ఉన్న కామ్డెన్ ఊరి దగ్గర రోలండ్ కూపర్ స్టేట్ పార్కులో అద్దె కుటీరాలు ఉన్నాయి. అక్టోబరు మొదట్లో బొంతల పండుగ వేళ వెళ్లేవారు రెండు మూడు నెలల ముందే అక్కడ ప్రయత్నించడం మేలు.

కామ్డెన్ నుంచి గీస్ బెండ్‌కు వెళ్లే బల్లకట్టును ఎక్కకుండా రోడ్డు మీద చుట్టి వెళ్లకండి. పల్లెకు మూడు వైపులా అలబామా నది ఒంపు తిరిగి ఉంటుంది. ఆ బల్లకట్టు కార్లతో సహా నదిని దాటడానికి పావుగంటకు కొంచెం ఎక్కువ పడుతుంది. రోడ్డు మీదైతే గంట. 1962లో, ఈ పల్లెలోని నల్లజాతి ప్రజలు కామ్డెన్ వెళ్లి ఓటరు జాబితాలో పేర్లు నమోదు చేయించుకోవడానికి ప్రయత్నిస్తున్న రోజుల్లో, బల్లకట్టును ఆపివేశారు. ఓటుకే కాదు, ఆసుపత్రికి, అంగడికి కూడా ఆ గంట ప్రయాణం తప్పలేదు. 2006లో గాని బల్లకట్టు మళ్లీ నడవలేదు. 2019 నుంచి అది బ్యాటరీలతో నడుస్తోంది. చప్పుడు లేదు, పొగ లేదు. నలభై నాలుగేళ్లు ఒక పల్లెకు దారి లేకుండా చేశారని మావారు చెబుతుంటే, మా అమ్మాయి ఫోను పక్కన పెట్టి నీళ్ల వైపే చూస్తూ విన్నది.

ఈ పల్లెకు ఆ పేరు 1816లో ఇక్కడ పత్తితోట పెట్టిన జోసెఫ్ గీ నుంచి వచ్చింది. 1840లలో అది మార్క్ పెట్‌వే అనే భూస్వామి చేతికి వెళ్లింది. ఆయన వంద మంది వరకు బానిసలను నార్త్ కరోలినా నుంచి ఇక్కడిదాకా నడిపించి తెచ్చాడు. ఇప్పటికీ ఊరిలో చాలామంది ఇంటిపేరు పెట్‌వేయే. బానిసత్వం పోయాక కూడా అదే నేల మీద కౌలు రైతులుగా మిగిలిపోయారు. 1932లో కామ్డెన్‌లో అప్పులిచ్చే వ్యాపారి చనిపోగా, ఆయన భార్య బాకీల కింద ఇక్కడి కుటుంబాల పశువులను, పనిముట్లను, దాచుకున్న తిండిగింజలను కూడా తోలుకుపోయింది. ఆ కరువు తరువాత ప్రభుత్వం ఈ భూమిని కొని, ఇళ్లు కట్టించి, సాగు చేసేవారికే అమ్మింది. సొంత నేల ఉండడం వల్లనే పల్లె చెదరలేదు. పల్లె చెదరకపోవడం వల్లనే తల్లి నుంచి కూతురికి కుట్టు చేరింది.

మొదట్లో బొంత కళ కోసం కాదు, చలి కోసం కుట్టారు. చినిగిన పని ప్యాంట్లు, పిండి బస్తాలు, చొక్కాల కింది అంచులు, ఏవి దొరికితే అవి. 1942లో మిస్సూరీ పెట్‌వే అనే ఆవిడ, చనిపోయిన భర్త పని బట్టలన్నీ ముక్కలు చేసి ఒక బొంత కుట్టింది. 1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ఈ పల్లెకు వచ్చి మాట్లాడాడు. ఓటు హక్కు కోసం పోరాడి ఉపాధి పోగొట్టుకున్న ఈ ప్రాంతపు కుటుంబాలకు ఆదాయం చూపడానికి 1966లో పక్కనే ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పుట్టింది. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు వచ్చినప్పుడు, మిగిలిన కార్డురాయ్ ముక్కలన్నీ పల్లెకు చేరాయి. బంగారు, నారింజ, ముదురు ఆకుపచ్చ చారల ఆ మందపాటి గుడ్డతో కుట్టిన డెబ్బైల నాటి బొంతలే నాకు అన్నింటికంటే ఇష్టం. 2002లో హ్యూస్టన్‌లోను, ఆ తరువాత న్యూయార్కు విట్నీ మ్యూజియంలోను ఈ బొంతలను గోడకు వేలాడదీసి ప్రదర్శించినప్పుడు గాని వీరిని కళాకారులని లోకం పిలవలేదు. 2006లో తపాలా శాఖ పది బొంతలతో 39 సెంట్ల బిళ్లలు విడుదల చేసింది.

మేము వెళ్లినది ‘ఎయిరింగ్ ఆఫ్ ద క్విల్ట్స్’ పండుగ రోజు. చలికాలపు బొంతలను బయట తీగల మీద ఆరవేసే పాత అలవాటును 2022 నుంచి పండుగగా చేస్తున్నారు. ఇళ్ల ముందు, చెట్ల మధ్య కట్టిన తీగల మీద బొంతలు గాలికి ఊగుతుంటే, మ్యూజియం గోడ మీద చదునుగా కనిపించేది ఇక్కడ కదులుతుంది, వెలుగు దానిలో నుంచి దూరి వస్తుంది. నేను ఒక నీలి డెనిమ్ బొంత ముందు ఆగిపోయాను. ప్యాంటు కాళ్లను విప్పి నిలువు చారలుగా కుట్టారు. మోకాళ్ల దగ్గర రాసుకుని వెలిసిపోయిన తెల్లటి మచ్చలు అలాగే ఉన్నాయి. వెనుక జేబు ఊడదీసిన చోట మాత్రం గుడ్డ కొత్తగా, ముదురు నీలంగా, జేబు ఆకారంలోనే ఉంది. ఆ మనిషి ఎంత పని చేశాడో ఆ గుడ్డలో కనిపిస్తోంది.

‘హౌస్‌టాప్’ అనే నమూనాలో నడుమ ఒక చదరం పెట్టి, దాని చుట్టూ పట్టీలు కుడుతూ పెంచుకుంటూ పోతారు. ‘లేజీ గాల్’ అంటే పొడవాటి పట్టీలు పక్కపక్కన. నియమం అంతవరకే. పట్టీ ఒక చోట వెడల్పు, ఒక చోట సన్నం. నాలుగు మూలలు సరిగ్గా కలవాలనే పట్టుదల లేదు. ఒక డేరా కింద కుర్చీ వేసుకుని కుడుతున్న పెద్దావిడ దగ్గర మా అమ్మ నిలబడి, ‘దారం ఒక పోగా, రెండు పోగులా అడగవే’ అని మనవరాలితో చెప్పింది. ఆవిడ జవాబు చెప్పకుండా సూది మా అమ్మ చేతికే ఇచ్చింది. మా అమ్మ పక్కనే కూర్చుని వరుసగా పది పన్నెండు కుట్లు వేసింది. ఆవిడ వాటిని వేలితో తడిమి, దగ్గర దగ్గరగా ఉన్నాయని తల ఊపి, ఆ కుట్లను విప్పకుండా అలాగే ఉంచింది. అట్లాంటా నుంచి బయలుదేరిన దగ్గర నుంచి మోకాళ్ల నొప్పి అని విసుక్కుంటున్న మా అమ్మ ఆ డేరా దగ్గర నుంచి గంటసేపు కదలలేదు. ఒకరి భాష ఒకరికి రాదు. మా అమ్మాయి మధ్యలో చెప్పినది కూడా కొద్దిగానే.

పెద్ద బొంత ధర ఆవిడ 1,800 డాలర్లు చెప్పింది. గోడకు వేసుకునే రెండడుగుల చదరం 160 డాలర్లు. మావారు అలవాటు కొద్దీ రెండు తీసుకుంటే ఎంతకు ఇస్తారని అడగబోతే, మా అమ్మ తెలుగులోనే ‘బేరం చేయకు నాయనా, అది రెండు నెలల కళ్లు’ అని ఆపింది. నేనూ అదే చెబుతాను. మన ఊళ్ల సంతల్లో చేసే బేరం ఇక్కడ చేయకండి. పెద్దదానికి మా దగ్గర అంత డబ్బు లేదు కనుక చిన్నది తీసుకున్నాము. వెనుక ఒక మూలన ఆవిడ తన పేరు, సంవత్సరం దారంతో కుట్టి ఉంది. ముక్క ముక్కకీ అతుకు గోరుకు తగులుతుంది.

భోజనం గురించి శాకాహారులకు ఒక హెచ్చరిక. ఈ ప్రాంతంలో ఆకుకూరలు సాధారణంగా పంది మాంసం వేసి ఉడికిస్తారు. అలసందలలో కూడా వేస్తారు. అడిగి తెలుసుకోకుండా తినవద్దు. మాకు ఒక చోట మాంసం వేయని అలసందలు, టమాటాతో ఉడికించిన బెండకాయ, మొక్కజొన్న రొట్టె ఉన్న పళ్లెం 14 డాలర్లకు దొరికింది. బెండకాయ, అలసంద రెండూ ఆఫ్రికా నుంచి బానిసలతో పాటు ఇక్కడికి వచ్చిన పంటలని మా అమ్మాయి చదివి చెప్పింది. మా అమ్మ కట్టుకొచ్చిన పులిహోర డబ్బా ఆ పూట తెరవనేలేదు. మావారు వేయించిన చేప తిన్నారు, 16 డాలర్లు, చాలా బాగుందన్నారు.

వెళ్లేవారు నగదు దగ్గర ఉంచుకోండి. పల్లెలో ఫోను సిగ్నలు సరిగా అందక కార్డు యంత్రాలు మొరాయించాయి. బల్లకట్టు వేళలు ముందే చూసుకోండి. గాలివాన ఉంటే, నది పొంగితే నడపరు. ఫొటో తీసే ముందు కుట్టినవారిని అడగండి. దూరం వల్ల వెళ్లలేనివారికి, 2021 నుంచి గీస్ బెండ్ స్త్రీలలో పలువురు చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ వెబ్‌సైటులో తమ తమ పేర్లతో సొంత దుకాణాలు తెరిచారు. ధర అక్కడ కూడా తక్కువేమీ ఉండదు. కొన్న డబ్బు మాత్రం కుట్టిన ఇంటికే చేరుతుంది. కొనే ముందు కుట్టినవారి పేరు, వెనుక వైపు ఫొటో రెండూ అడిగి చూసుకోండి.